బ్రిటన్‌లో ఏ ఊరి బజారు చూసినా ఒకేలా ఎందుకుంది? చిన్న కొట్లు ఏమైపోయాయి?

ప్రశ్న అడిగినవారు లెస్టర్‌కు చదువుకోవడానికి వచ్చి ఏడాది అయిందట. సెలవుల్లో నాలుగైదు ఊళ్లు తిరిగితే ప్రతి ఊరి నడిబజారైన హై స్ట్రీట్‌లోనూ అదే బూట్స్ మందుల షాపు, అదే గ్రెగ్స్ బేకరీ, అదే కోస్టా కాఫీ షాపు, ఊరి చివర అదే టెస్కో సూపర్‌మార్కెట్ కనిపించాయట. ఇల్లు అద్దెకిచ్చిన పెద్దావిడ మాత్రం, ఒకప్పుడు మా వీధిలోనే మాంసం కొట్టు, చేపల కొట్టు, రొట్టెల కొట్టు, ఉన్ని దారాల కొట్టు విడివిడిగా ఉండేవని చెప్పిందట. వాటన్నిటినీ పెద్ద స్టోర్లే మింగేశాయా, మన కిరాణా కొట్లకూ ఇదే గతి పడుతుందా అన్నది మీ ప్రశ్న.

నేను ఇంగ్లండ్ నడుమ ఉన్న మిడ్‌లాండ్స్‌లో ఒక చిన్న పట్టణంలో 26 ఏళ్లు కొట్టు నడిపాను. 1996లో ఒక గుజరాతీ పెద్దాయన దగ్గర పనికి కుదిరాను, 1998లో ఆయన దగ్గరే ఆ కొట్టు తీసుకున్నాను, 2024లో అమ్మేశాను. పేపర్లు, పాలు, బ్రెడ్డు, సిగరెట్లు, లాటరీ టికెట్లు, ఓ మూల మన పప్పులూ బియ్యం. ఇక్కడివాళ్లు కార్నర్ షాప్ అంటారు చూడండి, అదే.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పెద్ద స్టోర్లు చవగ్గా అమ్మడం సగం కారణం. మిగతా సగం కార్లు, ఊరి బయట స్థలాలు, కొట్ల అద్దెలు, వీటి చుట్టూ ప్రభుత్వం రాసిన రూల్సు. కొనేవాళ్ల మీద తప్పు నెట్టేవాళ్ల మాట నేను ఒప్పుకోను. బండి ఆపుకోవడానికి చోటు చూపించి, వారం సరుకంతా ఒకేచోట పెడితే పిల్లలున్న తల్లి అక్కడికి వెళ్లక ఏం చేస్తుంది?

ఏం పోయిందో ముందు చెప్పాలి. అది తెలియకపోతే ఈ గొడవంతా ముసలివాళ్ల బెంగలాగే అనిపిస్తుంది.

మా కొట్టుకు రెండు తలుపుల అవతల ఒక ఇనప సామాను కొట్టు ఉండేది. గోధుమరంగు కోటు వేసుకుని ఒక పెద్దాయన నిలబడేవాడు. ఆయన వెనక గోడంతా చిన్న చిన్న చెక్క సొరుగులు, ప్రతి సొరుగు ముఖాన లోపల ఉన్న వస్తువు ఒకటి బిగించి ఉండేది. ఇత్తడి స్క్రూ ఉంటే ఇత్తడి స్క్రూ, కొక్కెం ఉంటే కొక్కెం. చదవడం రానివాడు కూడా వేలితో చూపించి కొనుక్కోవచ్చు. నేను కొత్తగా కొట్టు తీసుకున్న రోజుల్లో వెనక గదిలో పంపు కారుతుంటే, అరిగిపోయిన వాషరు చేతిలో పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. దాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పి చూసి, పంపు వేడినీళ్లదా చన్నీళ్లదా అని అడిగి, కిందినుంచి మూడో వరసలో ఒక సొరుగు లాగి ఒకే ఒక్క వాషరు తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. బిగించేముందు నీళ్లు ఎక్కడ కట్టెయ్యాలో కూడా చెప్పాడు. కొన్ని పెన్నీలు తీసుకున్నాడు.

ఆయన కొట్టు మూసేశాక మా ఊళ్లో ఒక్క వాషరు దొరికే చోటు లేకుండా పోయింది. అయిదు మైళ్ల అవతల రింగురోడ్డు మీదున్న పెద్ద గోడౌన్‌లాంటి స్టోరుకు కారులో వెళ్లి, రకరకాల సైజులవి కలిపి ప్యాక్ చేసిన డబ్బా కొనాలి. అందులో మనకు కావలసింది ఉందో లేదో ఇంటికొచ్చి చూసుకోవాలి. కారు లేని ముసలివాళ్లు ప్లంబర్ని పిలిపించుకోవాలి. లెక్కేసి చూడండి, ఏది చవక? నేను చెప్పే నష్టం ఇది. విడిగా కొనుక్కునే వీలు పోయింది, సరుకు తెలిసిన మనిషి పోయాడు, నడిచి వెళ్లే దూరం పోయింది.

ఇప్పుడు కారణాల్లోకి వస్తాను.

ధరల కట్టు తెగింది 1964లో. అంతకుముందు సబ్బయినా చాక్లెట్టయినా చాలా సరుకులకు రిటైల్ ధర తయారుచేసినవాడే నిర్ణయించేవాడు. పెద్ద షాపులో ఎంతో సందు చివరి కొట్లోనూ అంతే. ఎడ్వర్డ్ హీత్ మంత్రిగా ఉన్నప్పుడు తెచ్చిన రీసేల్ ప్రైసెస్ చట్టంతో ఆ పద్ధతి చాలావరకు పోయింది. ఎవరు ఎంత తగ్గించైనా అమ్ముకోవచ్చు. కొనేవాడికి మేలే జరిగింది, కాదనను. కానీ ఎక్కువ సరుకు ఎత్తేవాడికి ఎక్కువ తగ్గింపు దొరుకుతుంది, ఆ తగ్గింపుతో ధర దించితే ఇంకా ఎక్కువ సరుకు పోతుంది. ఆ చక్రం తిరగడం మొదలయ్యాక ఒంటికొట్టువాడు దాన్ని అందుకోలేడు.

నా అనుభవంలో ఇది ఎలా ఉండేదంటే, తెల్లవారుజామున పేపర్లు సర్దేశాక మా ఆవిడను కొట్లో కూర్చోబెట్టి క్యాష్ అండ్ క్యారీకి వెళ్లేవాణ్ణి. అది మాలాంటి వాళ్లకు టోకు బజారు. అక్కడ నాకు పడే ధర కన్నా సూపర్‌మార్కెట్ అరమీద రాసి ఉన్న ధర చాలాసార్లు తక్కువుండేది. కూల్‌డ్రింకులు, వాషింగ్ పౌడరు, కాఫీ సీసాల మీద ఆఫర్ పెట్టినప్పుడు మేమే సూపర్‌మార్కెట్‌కు వెళ్లి ట్రాలీలు నింపుకొచ్చి మా అరల్లో సర్దేవాళ్లం. ఈ పని చెయ్యని కార్నర్ షాపువాడు నాకు తెలిసి లేడు. పోటీదారుడి దగ్గర చిల్లరకు కొని మళ్లీ చిల్లరకు అమ్ముకునే వ్యాపారం ఎన్నాళ్లు సాగుతుంది?

రెండోది ఊరి బయట స్థలం. 1972లో ఫ్రెంచి కంపెనీ కార్‌ఫోర్ వేల్స్‌లోని కేర్‌ఫిలీలో పెద్ద హైపర్‌మార్కెట్ తెరిచింది. ఆ తర్వాత 1980లన్నీ ఊరి బయట స్టోర్ల కాలమే. మాకు దగ్గర్లో అందరికీ తెలిసిన ఉదాహరణ డడ్లీ అనే ఊరు. 1982లో రౌండ్ ఓక్ ఉక్కు ఫ్యాక్టరీ మూతపడింది. పనులు పోయిన ఆ ప్రాంతాన్ని మళ్లీ లేపాలని ఎంటర్‌ప్రైజ్ జోన్ కింద పన్ను మినహాయింపులిచ్చారు. ఆ మినహాయింపుల నీడలోనే మెరీ హిల్ అనే భారీ షాపింగ్ సెంటర్ లేచింది. పార్కింగ్ ఉచితం, పైన కప్పు ఉంది, వానలో తడవక్కర్లేదు. డడ్లీ నడిబొడ్డున ఏళ్ల తరబడి ఉన్న పెద్ద షాపులు ఒక్కొక్కటే మూటాముల్లె సర్దుకుని అక్కడికి వెళ్లిపోయాయి. మార్క్స్ అండ్ స్పెన్సర్ కూడా వెళ్లింది. నేను 1996లో మొదటిసారి డడ్లీ బజారుకు వెళ్లినప్పుడు, కోట ఉన్న ఊరు కదా కళకళలాడుతుందనుకున్నాను. సగం షట్టర్లు దించి ఉన్నాయి.

ప్రభుత్వం మేలుకుంది గానీ ఆలస్యంగా మేలుకుంది. 1996లో ప్లానింగ్ రూల్సు గట్టిగా మార్చారు. ఊరి బయట పెద్ద స్టోరు కట్టాలంటే ముందు ఊరి మధ్యలో స్థలం లేదని చూపించాలి. అప్పటికే రింగురోడ్ల పక్కన స్టోర్లు లేచి కూర్చున్నాయి. ఇంకో తమాషా ఏమిటంటే, బయట కట్టడం కష్టమయ్యాక పెద్ద కంపెనీలు లోపలికి, మా సందుల్లోకి వచ్చాయి. టెస్కో తన చిన్న కొట్లను ఎక్స్‌ప్రెస్ పేరుతో 1994లోనే మొదలుపెట్టి ఉంది, సెయిన్స్‌బరీస్ అనే ఇంకో సూపర్‌మార్కెట్ కంపెనీ లోకల్ పేరుతో 1998లో మొదలుపెట్టింది. అదే 1994లో వచ్చిన సండే ట్రేడింగ్ చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లు దాటిన షాపు ఆదివారం ఆరు గంటలే తెరవాలి, అంతకన్నా చిన్నదైతే రోజంతా తెరవచ్చు. మాలాంటి కొట్లకు ఆదివారం గిరాకీ దక్కేది ఈ రూలు వల్లే. ఎక్స్‌ప్రెస్, లోకల్ కొట్లు సరిగ్గా ఆ కొలతకు లోపలే ఉంటాయి. మాకు అడ్డుగోడ అనుకున్నది వాళ్లకు తలుపయింది.

2002లో టెస్కో 850కి పైగా చిన్న కొట్లున్న టీ అండ్ ఎస్ అనే కంపెనీని మొత్తంగా కొనేసింది. పోటీ వ్యవహారాలు చూసే అధికారులు సూపర్‌మార్కెట్ వేరు, కన్వీనియెన్స్ కొట్టు, అంటే మాలాంటి చిన్న కొట్టు, వేరు, రెండూ రెండు మార్కెట్లు అని లెక్కేసి దాన్ని ఆపలేదు. మా వీధిలో నిలబడి చూసినవాడెవడూ ఆ మాట అనడు. పాలు పాలే కదండీ, పెద్ద షాపులో కొన్నా చిన్న షాపులో కొన్నా. 2018లో అదే టెస్కో, మాలాంటి వాళ్లు సరుకు కొనుక్కునే బుకర్ అనే టోకు సంస్థను దాదాపు 370 కోట్ల పౌండ్లకు తీసుకుంది. అప్పటినుంచి మాలో చాలామందికి పోటీదారుడూ సరుకిచ్చేవాడూ ఒకడే అయ్యాడు.

మూడోది అద్దె. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, అందరూ మర్చిపోయేది. ఇక్కడ కొట్ల లీజుల్లో ఒక షరతు మామూలుగా ఉంటుంది. అయిదేళ్లకోసారి అద్దె తిరగరాస్తారు. ఆ అద్దె పెరగొచ్చు, ఉన్నచోట ఉండొచ్చు, తగ్గడం మాత్రం కుదరదు. ఎంత పెంచాలో తేల్చడానికి అదే వీధిలో ఈ మధ్య లీజు రాసుకున్నవాళ్లు ఎంతిస్తున్నారో చూస్తారు. మా వీధిలోకి ఒక కాఫీ చెయిన్ వచ్చింది. దానికి వందల బ్రాంచీలు, ఈ ఊళ్లో రెండేళ్లు నష్టమొచ్చినా భరించగలదు. మూలమీద స్థలం దక్కాలని అడిగినంతా ఇచ్చింది. ఆ తర్వాతి రివ్యూలో మాంసం కొట్టాయనకు, నాకు, బట్టలు కుట్టే ఆవిడకు అదే లెక్క చూపించి అద్దెలు పెంచారు. మేం కాఫీ అమ్మం, కప్పుకు అంత లాభం మాకు రాదు. అయినా కాఫీ అద్దె మేమూ కట్టాలి.

పైగా భవనం సొంతదారుకు చెయిన్ అంటేనే ముద్దు. భవనం కొనేవాడైనా దానిమీద అప్పిచ్చే బ్యాంకయినా చూసేది అద్దెకున్నవాడి పరపతిని. పెద్ద కంపెనీ పేరు మీద పదిహేనేళ్ల లీజు ఉంటే భవనం విలువే పెరుగుతుంది. నేను నెలనెలా ఠంచనుగా కట్టినా నా సంతకానికి ఆ విలువ రాదు.

అద్దెతోపాటు బిజినెస్ రేట్స్ అని ఒక పన్ను. లాభమొచ్చినా నష్టమొచ్చినా భవనం అద్దె విలువను బట్టి కట్టాల్సిందే. 2017 నుంచి ఇంగ్లండ్‌లో ఆ లెక్క 12,000 పౌండ్లు దాటని, ఒకే కొట్టున్న వాళ్లకు పూర్తిగా మినహాయించారు. ఈ పని ఇరవై ఏళ్ల ముందు చేసి ఉంటే ఇనప సామాను కొట్టు ఇంకొన్నాళ్లు నిలిచేదేమో అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఈ మూడూ కలిసి పనిచేసే తీరు ఒకటుంది, అది బయటివాళ్లకు కనిపించదు. వీధిలో ఒక కొట్టు గిరాకీ ఇంకో కొట్టు పుణ్యమే. శనివారం పొద్దున ఆదివారం భోజనానికి మాంసం కొనడానికి వచ్చినవాళ్లు, అదే నడకలో నా దగ్గర వారం పేపర్ల బాకీ కట్టి, పిల్లలకు స్వీట్లు కొనేవాళ్లు. మాంసం కొట్టాయన మూసేసిన నెలలోనే నా శనివారం గల్లా తేలికైపోయింది. నా కొట్లో ఏ మార్పూ లేదు, ధరలు పెంచింది లేదు. తర్వాత బ్యాంకు బ్రాంచి ఎత్తేశారు. చిల్లర తీసుకోవడానికి, రోజు రాబడి కట్టడానికి పక్క ఊరికి వెళ్లాలి, అంటే వారానికి రెండు పూటలు కొట్టు మరొకరికి అప్పజెప్పాలి. గోడలో ఒక ఇటుక లాగితే పక్కది వదులవుతుంది కదా, అలాగే.

మరి చెయిన్లన్నీ బాగుపడ్డాయా అంటే అదీ లేదు. వూల్‌వర్త్స్ 1909లో లివర్‌పూల్‌లో మొదలై బ్రిటన్ అంతటా పాకింది. 2008 డిసెంబరు చివర, 2009 జనవరి మొదట్లో 800కు పైగా షాపులు రోజుల వ్యవధిలో మూతపడ్డాయి. లెస్టర్‌లోనే 1930లో పుట్టిన విల్కో 2023లో దివాలా తీసింది. బీహెచ్‌ఎస్ 2016లో, డెబెన్‌హామ్స్ షాపులు 2021లో పోయాయి. చెయిన్ వస్తూ చిన్నవాళ్లను ఖాళీ చేయిస్తుంది, లండన్‌లో ఎవరో లెక్కలు చూసి నిర్ణయం తీసుకోగానే తానూ వెళ్లిపోతుంది. మిగిలేది ఎవరికీ సరిపోనంత పెద్ద ఖాళీ హాలు. మా ఊరి వూల్‌వర్త్స్ భవనంలో ఆ తర్వాత ఏ వ్యాపారమూ నిలదొక్కుకోలేదు.

మీరు చూసిన ఆ ఒకేరకం వీధులకు 2000ల్లోనే ఇక్కడ ఒక పేరు పెట్టారు, క్లోన్ టౌన్ అని, అంటే ఒకే అచ్చులో పోసిన ఊరు. 2005లో న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ అనే సంస్థ సర్వే చేసి, అలాంటి ఊళ్లలో ఎక్సెటర్‌ను మొదటి స్థానంలో పెట్టింది. యార్క్‌షైర్‌లోని హెబ్డెన్ బ్రిడ్జ్‌ను సొంత ముఖం నిలుపుకున్న ఊరని మెచ్చుకుంది. వీలైతే ఒక రోజు వెళ్లి చూడండి.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. నేను వచ్చిన కొత్తలో నా ఇంగ్లిష్ ఇక్కడివాళ్లకు అర్థమయ్యేది కాదు. మాంసం కొట్లో క్యూలో నిలబడి నోరు విప్పాలంటే సిగ్గేసేది, వెనక నిలబడ్డవాళ్లు విసుక్కునేవాళ్లు. సూపర్‌మార్కెట్లో ఎవరినీ అడగక్కర్లేదు, తీసుకుని డబ్బులిచ్చి వచ్చెయ్యడమే. మా ఆవిడకు ఆ రోజుల్లో అదే హాయిగా ఉండేది. పాత వీధి అందరికీ ఒకేలా ప్రేమగా ఉండేదని నేను చెప్పను.

ఇంకోటి, మాలాంటి కొట్లు నిలబడ్డది కుటుంబం ఒళ్లు వంచడం వల్ల. తెల్లవారుజామున నాలుగున్నరకు పేపర్ల కట్టలు గుమ్మం ముందు పడేవి. వాటిని విప్పి, మూల మీద పెన్సిల్‌తో ఇంటి నంబరు వేసి, సైకిల్ మీద పంచే పిల్లల సంచుల్లో సర్దేసరికి ఆరయ్యేది. రాత్రి పదింటికి షట్టరు దించేవాళ్లం. మా ఆవిడకు జీతం లేదు, పిల్లలు హోంవర్కు కౌంటర్ వెనకే చేసుకునేవాళ్లు. ఈ కష్టం మా పిల్లలు పడకూడదనే కదా పడ్డాం. మా అమ్మాయి ఫార్మసిస్టు అయింది, అబ్బాయి ఇంజనీరు. కొట్టు తీసుకుంటారా అని అడగాలని కూడా నాకు అనిపించలేదు. మూతపడిన కొట్లలో ఎన్నో ఇలా వారసుడు లేక మూతపడ్డవే. ఆ లెక్క టెస్కో ఖాతాలో రాయకూడదు.

ఇక మిగిలేవి ఎందుకు మిగులుతాయి? మీరు ఉన్న ఊరే దానికి జవాబు. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ అక్కడి భారతీయ మూలాలున్నవాళ్లను 90 రోజుల్లో దేశం వదిలి వెళ్లిపొమ్మన్నప్పుడు, లెస్టర్ కౌన్సిల్ అక్కడి పత్రికలో మా ఊరికి రావద్దని ప్రకటన ఇచ్చింది. అయినా వేలమంది వచ్చారు. బెల్‌గ్రేవ్ రోడ్డులో అప్పటికి పాడుబడి తక్కువ అద్దెకు దొరికిన కొట్లు తీసుకున్నారు. చీరలు, బంగారం, మిఠాయిలు, మెంతికూర. ఇవాళ ఆ రోడ్డును గోల్డెన్ మైల్ అంటున్నారు, దీపావళికి ఊరంతా అక్కడే ఉంటుంది. నాకు కొట్టు అప్పజెప్పిన పెద్దాయన కూడా అలా వచ్చినవాడే. అక్కడ జరిగిందేమిటంటే, అద్దె తక్కువ ఉంది, అమ్మేవాడికి సరుకు క్షుణ్ణంగా తెలుసు, ఆ సరుకు హెడ్డాఫీసులో కూర్చుని కొనేవాడికి తెలియదు. ఈ మూడూ ఉన్నచోట చిన్న కొట్టు బతుకుతుంది.

నా కొట్లోనూ అదే చూశాను. దీపావళి ముందు సూపర్‌మార్కెట్లు బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు మాకు అందని ధరకు పెట్టేవి. బియ్యంలో పోటీ వదిలేశాను. గోంగూర, ములక్కాడలు, పచ్చి వేరుశనక్కాయలు మాత్రం శుక్రవారం సాయంత్రం తెప్పించేవాణ్ణి. కట్ట ఎంత లేతగా ఉందో తెలుగు పిల్లలు వాట్సాప్‌లో అడిగి మరీ వచ్చేవాళ్లు. గోంగూర కోసం వచ్చినవాళ్లు పాలూ బ్రెడ్డూ కూడా నా దగ్గరే కొనేవాళ్లు.

రూల్సు మారితే ఫలితం ఎలా మారుతుందో చూడాలంటే ఫ్రాన్స్ పుస్తకాల షాపులు చూడాలి. హైపర్‌మార్కెట్‌కు పేరు తెచ్చిన దేశమే అది, కార్‌ఫోర్ 1963లోనే పారిస్ పక్కన మొదటిది తెరిచింది. అయినా 1981లో పుస్తకాల విషయంలో ఒక చట్టం చేశారు. ధర ప్రచురణకర్త నిర్ణయిస్తాడు, అమ్మేవాడు ఎవరైనా కొత్త పుస్తకం మీద అయిదు శాతానికి మించి తగ్గించకూడదు. బ్రిటన్‌లో పుస్తకాలకున్న ఇలాంటి ఒప్పందమే 1995లో కూలిపోయింది, సూపర్‌మార్కెట్లు బాగా అమ్ముడుపోయే పుస్తకాలను సగం ధరకు పెట్టడం మొదలుపెట్టాయి. పారిస్ నగరం 2004 నుంచి మూతపడిన కొట్ల స్థలాలను ఒక సంస్థ ద్వారా తనే కొని, పుస్తకాల షాపులకూ చేతిపనివాళ్లకూ అద్దెకిస్తూ వచ్చింది. ఇక్కడి కౌన్సిళ్లు ఆ పని చేసి ఉండాల్సింది.

ఇక మీరడిగిన మన దేశపు కిరాణా కొట్ల సంగతి. 2012లో విదేశీ కంపెనీలను చిల్లర వ్యాపారంలోకి 51 శాతం దాకా అనుమతించినప్పుడు, ఒప్పుకున్న రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. భయపడినంత వరదేమీ రాలేదు. మన కొట్టువాళ్లలో చాలామంది సొంతింటి ముందు గదిలోనే వ్యాపారం చేస్తారు, అద్దె రివ్యూ బాధ లేదు. ఖాతా రాస్తారు, ఫోన్ చేస్తే సరుకు ఇంటికి పంపుతారు. ఇక్కడ మమ్మల్ని కొట్టిన దెబ్బల్లో రెండు అక్కడ అంత గట్టిగా తగలవు. మూడోది, కంపెనీకి పడే ధర ఒకటి, మీ కొట్టాయనకు పడే ధర ఒకటి కావడం, అక్కడా మొదలైంది. నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లు నష్టానికి అమ్ముతున్నంతకాలం ఆ దెబ్బ తగులుతూనే ఉంటుంది. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ వీధి కొట్టాయన్ని అడగండి, ఆ కంపెనీ నూనె ప్యాకెట్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆయనకు ఎంతకు పడుతోందో. అదే ప్యాకెట్ యాప్‌లో ఎంతుందో పక్కన పెట్టి చూడండి. ఆయన ఇంకెన్నేళ్లు తెరిచి ఉంచగలడో ఆ తేడాలోనే తెలుస్తుంది.

లెస్టర్‌లో మీరు ఏ వైపు ఉంటున్నారో రాస్తే, అక్కడ ఇంకా విడిగా తూచి ఇచ్చే కొట్లు నాకు తెలిసినవి చెబుతాను.